మూడు అంగుళాలు

పొట్టికార్ల మేస్త్రీ ఆరడుగుల మనిషి. కార్లనే పొట్టి చేస్తాడు. కంపెనీలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు లెక్కలు కట్టి ఇంత ఎత్తుండాలని పంపిన కారును ఇతని ముందు పెడితే, ఉన్న స్ప్రింగులు పీకేసి, పొట్టివీ గట్టివీ వేసి, వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు బిగించి, నేలకు దగ్గరగా కూర్చోబెట్టి పంపిస్తాడు. చక్రానికీ పైనున్న మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరిందంటే పని చెడినట్టే అని అతని సిద్ధాంతం. అలా దింపిన కారు చూడ్డానికి బాగుంటుంది, మలుపులో ఒరగదు, రోడ్డును పట్టుకుని పోతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. స్పీడ్ బ్రేకర్ కనబడగానే ఆ కారు యజమాని గుండె గుభేలుమంటుంది, అది వేరే సంగతి.

అతని సొంత కారు మూడు అంగుళాలు దిగింది. షాపుకు బోర్డు కంటే అదే పెద్ద ప్రకటన. బరువు తగ్గితే ఇంకా బాగా తిరుగుతుందని వెనక డిక్కీలో ఉండే అదనపు చక్రాన్నీ, జాకీనీ కూడా తీసి షాపులో పడేశాడు. ఆ కారంటే అతనికి ఎంత ముద్దంటే, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే తన వీపు మీద వేసినట్టు బాధపడేవాడు.

అత్తగారిని ఆస్పత్రి నుంచి ఇంటికి తేవాల్సిన రోజు ఉదయం భార్య పనికి వెళ్తూ ఒకే ఒక్క మాట చెప్పింది. "అమ్మకి నీ కారు వద్దు. ఎత్తుగా ఉండే బండి ఏదైనా మాట్లాడి తీసుకురా." అలాగే అన్నాడు. అనేటప్పుడు మాట్లాడదామనే అనుకున్నాడు, పాపం.

అత్తగారికి వారం కిందట తుంటి కీలు మార్చారు. ముప్పై ఏళ్లు బట్టల కొట్లో నిలబడి గుడ్డలు కొలిచిన మనిషి ఆవిడ. ఆ నిలబడడంలోనే కీలు అరిగిపోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ అసలు గండం ఇప్పుడే ఉందని ఆస్పత్రివాళ్లు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పారు. ఆరు వారాల పాటు మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. ముందుకు వంగకూడదు. కాలు లోపలికి తిరగకూడదు. వీటిలో ఏది జరిగినా కొత్త కీలు జారిపోవచ్చు. జారితే మళ్లీ కోయాల్సి రావచ్చు, ఆవిడ గుండె ఇంకోసారి మత్తుకు తట్టుకుంటుందో లేదో తాము చెప్పలేమన్నారు.

కీలంటే గిన్నెలో బంతి లాంటిదని డాక్టరు వివరిస్తుంటే మేస్త్రీ ముఖం వెలిగిపోయింది. కారు చక్రాల దగ్గర అచ్చం అలాంటివే ఉంటాయి. అరిగినవాటిని ఊడదీసి కొత్తవి బిగించడం అతనికి రోజువారీ పని. ఆ సాయంత్రం అత్తగారికి డాక్టరు కంటే బాగా అతనే విడమర్చి చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, మా అల్లుడికి తెలియంది లేదు అని పక్క మంచం ఆవిడతో చెప్పుకుంది. ఆ మాట అతని నెత్తికెక్కి కూర్చుంది.

షాపులో చేతులు కడుక్కుని బండి కోసం ఫోన్ తీశాడు. తీసి, గుమ్మం ముందు నిగనిగలాడుతున్న తన కారు వంక చూశాడు. పరాయి బండి ఎందుకు? వచ్చేవాడు గుంతల్లో ఎలా తోలుతాడో ఏమో. పైగా పొట్టికార్ల మేస్త్రీ అత్తగారు ఇంకొకరి బండిలో ఇంటికొస్తే వీధిలో ఏమనుకుంటారు? కారు తలుపు తీసి, టేపు పెట్టి, సీటుకూ లోపలి ఫ్లోరుకూ మధ్య ఎత్తు కొలిచాడు. కొత్తలో ఎంతుందో ఇప్పుడూ అంతే. తను తగ్గించింది కారుకూ రోడ్డుకూ మధ్య దూరమే గానీ సీటు జోలికి పోలేదు. లెక్క సరిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మనిషి సీట్లోకి ఎక్కేది రోడ్డు మీంచి, దిగేది రోడ్డు మీదికే గానీ కారు ఫ్లోరు మీదికి కాదని ఇంతటి పనివాడికి తట్టలేదు. తట్టకపోవడానికి కారణం, అతను కారును ఎప్పుడూ కారుగానే చూశాడు.

ఆస్పత్రిలో ఆ కారును చూసి నర్సు అనుమానపడింది. సాయంత్రం తమ బండి ఖాళీ అవుతుంది, ఆగుతారా అని అడిగింది. మేస్త్రీ ఆమెకు సీటు లెక్క చెప్పాడు. అత్తగారు కూడా చక్రాల కుర్చీలోంచి మెల్లగా, అమ్మాయి పెద్ద బండి అని ఫోన్లో చెప్పిందే అంది. మన కారే సుఖంగా ఉంటుంది అత్తయ్యా అన్నాడు.

ఎక్కించడం సులువుగానే అయిపోయింది. అక్కడ మెట్ల పక్కన అరుగు ఎత్తుగా ఉంది. కుర్చీని అరుగు మీదుగా తెచ్చి ఆనించి, సీటును బాగా వెనక్కి వాల్చి, ఇద్దరు ఆయాలు ఆవిడను నునుపైన గుడ్డ మీద జరిపి పడుకోబెట్టారు. చూశారా అన్నట్టు మేస్త్రీ నర్సు వంక చూశాడు.

దారిలో అతను నడిపినంత జాగ్రత్తగా ఎవరూ నడపలేరు. మలుపుల్లో కారు ఒక్క పిసరు ఒరగలేదు. ఆ సంగతి అత్తగారికి రెండుసార్లు చెప్పాడు కూడా. అయితే గట్టి స్ప్రింగులు మలుపును మింగినట్టు గతుకును మింగవు. రోడ్డు మీది ప్రతి రాయీ నేరుగా వచ్చి ఆవిడ తుంటిని పలకరించింది. ప్రతిసారీ ఆవిడ పెదవి బిగబట్టి, పర్లేదు బాబూ అంది. ఆ మాట పదిసార్లు విన్నాక మేస్త్రీకి మలుపుల గురించి మాట్లాడడానికి నోరు రాలేదు.

ఇంటి గేటు ముందున్న వాలు మీదకు ఆ కారు ఎక్కదు, ముక్కు గీసుకుపోతుంది. రోజూ లాగే రోడ్డు పక్కన ఆపాడు. తలుపు తీసి, ఆస్పత్రిలో చూపించినట్టే రెండు కాళ్లూ కలిపి పట్టుకుని మెల్లగా బయటికి తిప్పాడు. ఆవిడ పాదాలు రోడ్డుకు ఆనాయి. మోకాళ్లు పైకి లేచాయి. అప్పుడు చూశాడు అతను. మోకాళ్లు తుంటి కంటే జానెడు పైనున్నాయి.

"అత్తయ్యా, కదలకండి. వెనక్కే వాలి ఉండండి," అన్నాడు.

లేవాలంటే ముందుకు వంగాలి. వంగకూడదు. కాళ్లు మళ్లీ లోపలికి తిప్పబోతే ఆవిడ ముఖం పాలిపోయింది, వదిలేశాడు. చంకల కింద చేతులు వేసి ఎత్తుదామా అంటే, ఆ ఇంటి అల్లుడై పదకొండేళ్లయినా, కాఫీ గ్లాసు అందుకునేటప్పుడు కూడా ఆవిడ వేలు తగలకుండా అందుకున్న మనిషి. అయినా తెగించి చెయ్యి చాపాడు. ఆవిడ ఒళ్లంతా కొయ్యబారిపోయింది. కొయ్యబారిన మనిషిని లాగితే ఏమవుతుందో అతనికి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ తల పక్కకు తిప్పుకుని, తొందరేం లేదు బాబూ అంది. అరుగు కోసం వీధంతా కలయజూశాడు. అన్నీ నేలకు అతుక్కున్నవే, కారు దగ్గరికి వచ్చేవి కావు.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే బండి బయట ఉంది, గంట పడుతుందన్నారు. గంటసేపు ఆవిడ ఇలా ఉండగలదా? అప్పుడు అతనికి తనకు చేతనైన పనే గుర్తొచ్చింది. కారును పైకి లేపితే సరి. సీటు ఎత్తవుతుంది, ఆవిడ కాళ్లు చాపుకుని జారుతూ దిగిపోవచ్చు. డిక్కీ తీశాడు. చక్రం ఉండాల్సిన చోట ఖాళీ గుంత. జాకీ షాపులో ఉంది.

షాపులో తన భాగస్వామికి ఫోన్ చేశాడు. నూరు కిలోల మనిషి అతను, అందుకని అందరూ బక్కాయన అంటారు. చిన్న జాకీ ఈ కారు కిందికి దూరదు, పల్చగా కిందికి దూరే నేల జాకీ తీసుకురమ్మని చెప్పాడు. ఐదు నిమిషాల్లో వస్తానన్నాడు బక్కాయన. అతని ఐదు నిమిషాలు ఎంతసేపో మేస్త్రీకి తెలుసు.

గొడుగు తెచ్చి ఆవిడకు ఎండ తగలకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, హెల్మెట్ తీసి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. చాలా బాగుందండీ, ఎంత దింపించారు అని అడిగాడు. మూడు అంగుళాలు అన్నాడు మేస్త్రీ. ఎక్కడ చేయించారు అని అడిగాడు. షాపు ఎక్కడుందో కూడా చెప్పాడు, అలవాటైన నోరు. ఆయన వెళ్లిపోయాక గొడుగును ఆవిడ ముఖం మీదికి ఇంకాస్త వంచాడు. సీట్లో ఆవిడ కళ్లు మూసుకుని ఏదో లెక్కపెడుతోంది. కొట్లో కొలిచిన మీటర్లో, ఊపిరులో.

నలభై నిమిషాలకు బక్కాయన వచ్చాడు. ఆవిడ తలుపును గట్టిగా పట్టుకుంది. మేస్త్రీ నేల మీద బోర్లా పడుకుని, జాకీని సరైన చోట పెట్టి, ఒక్కో దెబ్బకూ ఆగి, ఎలా ఉందత్తయ్యా అని అడుగుతూ మెల్లగా లేపాడు. అతను ఇన్నేళ్లలో వేల కార్లు లేపాడు. అవన్నీ ఖాళీ కార్లు.

ఆవిడ కూర్చున్న పక్క లేచిన కారు రెండో పక్కకు ఒరిగింది. ఆవిడ పాదాలు నేల విడిచాయి. కింద ఊతం లేని మనిషి, ఆస్పత్రివాళ్లు వేసిన ఆ నునుపు గుడ్డ మీద డ్రైవరు సీటు వైపు జారింది. ఒళ్లు అటు పోయింది, కాలు ఇటే ఉండిపోయింది. లోపల ఏదో కదిలిన చప్పుడు. పెద్దదేం కాదు. కారు పక్కన నేల మీదున్న మేస్త్రీకి కూడా వినబడింది.

ఆవిడ అరవలేదు. అమ్మా అని ఒక్కసారి అంది, అంతే. మేస్త్రీ లేచి చూశాడు. ఆ కాలు పాదం లోపలికి తిరిగి ఉంది. రెండో కాలి కంటే పొట్టిగా ఉంది. ఎంత పొట్టో అతని కన్ను వద్దన్నా కొలిచేసింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది బక్కాయనే. భార్యకు మాత్రం అతనే చేశాడు. ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో అతనికే తెలియదు.

అంబులెన్సూ భార్యా ఒకేసారి వచ్చారు. అంబులెన్సువాళ్లు పలక లాంటిది లోపలికి తోసి, నలుగురు నాలుగు వైపులా పట్టి, ఆవిడను రెండు నిమిషాల్లో బయటికి తీశారు. అంత తేలికా అనుకున్నాడు మేస్త్రీ. భార్య తన తల్లి ముఖం చూసింది, కాలు చూసింది, జాకీ మీద ఒరిగి ఉన్న కారును చూసింది. మొగుడి వైపు తిరిగింది.

"పెద్ద బండి మాట్లాడమన్నాను కదా?"

మేస్త్రీ నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు.

"మాట్లాడాడే," అంది స్ట్రెచర్ మీంచి ఆవిడ. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటోంది. "నేనే పంపించేశాను. అల్లుడి కారులోనే వస్తానని పట్టుబట్టాను. దిగేటప్పుడు ఆగమన్నాడు. ఆగలేకపోయాను."

కూతురికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నీ మొండితనం ఎప్పటికి పోతుందమ్మా అని తల్లిని కసురుకుంది, కసురుకుంటూనే నుదుటి మీద చెమట తుడిచింది. ఎప్పుడూ ఇంతే, ఎవరి మాటా వినవు, ఈసారి నీకేమైనా అయితే ఎవరు ఏడవాలి అంది. ఆవిడ అన్నిటికీ తల ఊపింది. అల్లుడి వంక ఒక్కసారి కూడా చూడలేదు. తలుపులు వేయబోతుంటే కూతురు లోపలికి ఎక్కుతూ, గ్రీజు చేతులు చాపి నిలబడ్డ మొగుడిని చూసి జాలిపడింది. ఆ చేతుల్నే గట్టిగా పట్టుకుంది.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే. ఆవిడ మొండిపట్టు పడితే ఎవరు ఆపగలరు?"

అతను అవునన్నట్టు తల ఊపాడు.