రెండు వేళ్ళ కోపం

మోటార్ల మేస్త్రికి కోపమొస్తే ఆ వీధిలో కరెంటు లేకపోయినా మోటార్లు తిరుగుతాయని చెప్పుకునేవారు. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు గాని, చూశామని ప్రమాణం చేసేవాళ్ళు వీధి పొడుగునా ఉన్నారు. ఆ లెక్కన ఆ శుక్రవారం మధ్యాహ్నం లాయరమ్మ ఆఫీసులో ఫ్యాను రెక్కలూడి కిటికీలోంచి ఎగిరిపోయి ఉండాలి. మేస్త్రి అంత మండిపోతున్నాడు.

మంటకు కారణం ఆయన కుడిచేతికి లేని రెండు వేళ్ళు. మూడు నెలల కిందట చెయ్యి గీసుకుని, చీము పట్టి, ఒళ్ళు తెలియని జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. ఆరు రోజులు స్పృహ లేదు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. అడగడానికి అన్న ఒక్కడే దొరికాడు. “రెండ్రోజులు మందులిచ్చి చూడొచ్చు, లేదా వేళ్ళు తీసేయొచ్చు. ఈయన చేతిపనేమైనా చేస్తారా?” అని డాక్టరు అడిగితే, అన్న జేబులోంచి పెన్ను తీస్తూ, “ఈ వయసులో ఇంకా పనేంటండీ, తీసేయండి” అన్నాడట. నర్సు తర్వాత చెప్పింది.

మోటారు చుట్టేవాడికి అసలు కళ్ళు వేళ్ళ చివర ఉంటాయి. రాగి తీగ పూత ఎక్కడ గీసుకుందో చూపుకు అందదు, వేలికి అందుతుంది. ఆగి ఉంటే ఆ వేళ్ళు దక్కేవో లేదో ఎవరూ చెప్పలేరు, ఆ సంగతి మేస్త్రికీ తెలుసు. ఆయన్ని కాల్చేది అది కాదు. తను బతికుండగానే తన పని అయిపోయిందని పక్కవాడు జవాబు చెప్పేయడం.

ఇప్పుడు సోమవారం గుండె ఆపరేషను. మళ్ళీ ఎన్ని రోజులు తెలివి ఉండదో తెలియదు. అందుకే ఈ కాగితం: తనకు తెలివి లేనప్పుడు తన తరఫున వైద్యం సంగతి ఎవరు చెప్పాలో ముందే రాసిపెట్టే కాగితం. అందులో మేస్త్రి రాయించిన పేరు తూకమక్కది.

తూకమక్క మేస్త్రి దుకాణానికి ఎదురుగా రాగి తీగ అమ్ముతుంది. ప్రతి చుట్టనూ రెండుసార్లు తూచి, మూడోసారి అనుమానంగా చూసి గాని ఇవ్వదు. తన నీడను కూడా తూచి గాని దుకాణంలోకి రానివ్వదని మేస్త్రే ఊరంతా చాటాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరికీ మాటామాటా పెరగని రోజు లేదు.

“నాకెందుకయ్యా ఈ పీకులాట?” అంటూనే ఆవిడ వచ్చి కూర్చుంది. వెనకే తలుపు తోసుకుని అన్న దిగాడు. ఎవరో చెప్పినట్టున్నారు.

“ఒరేయ్, ఇంటికి పెద్దవాణ్ణి నేనుండగా, వీధిలో తీగలమ్ముకునే మనిషికా నీ ప్రాణం అప్పజెప్పేది?” అని, లాయరమ్మ వైపు తిరిగాడు. “ఆ కళ్ళు చూడండి మేడం. జ్వరమొచ్చి పోయిన్నాటి నుంచీ మనిషి మనిషిలా లేడు. మతి సరిగా లేనివాడి సంతకం చెల్లుతుందా?”

మేస్త్రి నోటిదాకా ఓ బండ బూతు వచ్చింది. అరిస్తే అన్న మాటే నిజమవుతుంది. అరవకపోతే గుండె సోమవారం దాకా ఆగేలా లేదు. మూడు వేళ్ళతో బల్ల అంచు పట్టుకుని ఆ బూతును గుటుక్కున మింగాడు.

లాయరమ్మ మిగతా ఇద్దరినీ బయటికి పంపింది.

“ఈ కాగితమేంటో మీ మాటల్లో చెప్పండి.”

“తెలివున్నంతసేపూ నా మాటే చెల్లుద్ది. తెలివి తప్పితే ఆవిడ మాట. మళ్ళీ తెలివొస్తే మళ్ళీ నాదే. వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు.”

“కోపంగా ఉన్నారా?”

“ఉన్నానండి. కోపం పిచ్చి కాదు కదా?”

“కాదు,” అని ఆవిడ ఏదో రాసుకుని, ఆ ఇద్దరినీ లోపలికి పిలిచింది.

తూకమక్క పెన్ను ముట్టుకోలేదు. “ఇప్పుడే సంతకం పెట్టను” అంది. అన్న ముఖం వెలిగింది.

“మేస్త్రీ, నీ దగ్గరికి మోటారొస్తే మర ఒక్కటైనా విప్పకముందు యజమానిని నువ్వేం అడుగుతావో ముప్ఫై ఏళ్ళు ఎదురుగా కూర్చుని విన్నాను. ఏం పని చేసే మోటారు, ఎన్నాళ్ళు ఆగగలరు, ఎంతవరకు బాగైతే మీకు చాలు. ఇప్పుడు నేనడుగుతా, చెప్పు. గొట్టంతో ఊపిరిస్తామంటే?”

“పది రోజులు చూడు.”

“కాలు పడిపోతే?”

“కుర్చీలో కూర్చుని పక్కవాళ్ళ పనికి వంకలు పెడతా. బతకనీ.”

“మాట పోతే?”

మేస్త్రి పళ్ళు నూరాడు. “నీది నోరా, సమ్మెటా? మాట పోయినా బతకనీ. నిన్ను తిట్టడానికి చెయ్యి ఊపుతాలే.”

“ఎదురుగా ఉన్నదెవరో కూడా తెలీకుండా పోతే?”

మేస్త్రి తల వంచుకుని, లేని వేళ్ళ మొదళ్ళు తడుముకున్నాడు.

“ఎంతవరకు బాగైతే చాలు, మేస్త్రీ?”

“నీతో పోట్లాడితే గెలిచానో ఓడానో నాకు తెలియాలి,” అన్నాడు. “ఆపాటి తెలివి తిరిగి రాదని డాక్టర్లు తేలిస్తే, గొట్టాలు పెట్టి రోజులు లాగొద్దు.”

లాయరమ్మ అదంతా రాసింది. అన్న గొంతు సవరించుకున్నాడు. “ఇవన్నీ నాకెప్పుడు చెప్పావురా?”

“నువ్వెప్పుడు అడిగావు?”

“స్పృహ లేనివాణ్ణి ఎలా అడగమంటావు?”

“అంతకుముందు అరవై ఏళ్ళు స్పృహలోనే ఉన్నాను కదా అన్నయ్యా!”

ఈసారి మింగలేదు. గోడకున్న క్యాలెండరు అదిరిందని తూకమక్క తర్వాత వీధిలో చెప్పింది. తూచి మాట్లాడే మనిషి కనుక నమ్మాలి. లాయరమ్మ మాత్రం తల ఎత్తలేదు.

“ఇంకొక్కటి,” అంది తూకమక్క. “నేను నీ తరఫున చెప్పింది తప్పని లేచాక నీకనిపిస్తే?”

“నీ దుకాణం ముందు నిలబడి తిడతా.”

“తిట్టేటంత బాగైతే మంచిదే,” అని సంతకం పెట్టింది. మేస్త్రి ఎడమచేత్తో పీతనడక లాంటి సంతకం గీశాడు.

సాక్షి సంతకాలు రెండు కావాలి. ఒకటి గుమాస్తా పెట్టాడు. మేస్త్రి కాగితాన్ని అన్న ముందుకు తోశాడు. అన్న అలవాటుగా పెన్ను తీసి నేరుగా చివరి పేజీకి తిప్పాడు.

“మొదటి పేజీ నుంచి,” అన్నాడు మేస్త్రి.

అన్న ఆగాడు. జేబులు తడుముకుని కళ్ళజోడు తీశాడు. ఆసుపత్రిలో ఆ రోజు పెన్నే గాని ఇది బయటికి రాలేదు. పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదవసాగాడు.

“నెమ్మదిగా చదువు,” అన్నాడు మేస్త్రి, కోపం రవ్వంతైనా దిగకుండా. “సోమవారం దాకా నేను తెలివిలోనే ఉంటా.”