నాకు తుప్పు పట్టలేదు

నేను ఒక ఇటలీ మోటార్‌సైకిల్‌ని. పుట్టుకతోనే పిరికిదాన్ని. నన్ను తయారుచేసినవాళ్ళు గేరు కుడికాలికీ, బ్రేకు ఎడమకాలికీ పెట్టి, గాలి పీల్చే నోటికి జల్లెడైనా కట్టకుండా లోకం మీదికి వదిలేశారు. ఒక ఓడ ఇంజనీరు వెంట విశాఖ రేవులో దిగాను. ఆయన వెళ్ళిపోతూ నన్ను అక్కడ క్రేను నడిపే జోగారావుకు అప్పగించాడు. అప్పటినుంచి కంచరపాలెంలో కాపురం.

జోగారావు నన్ను ఏ మెకానిక్కునీ ముట్టుకోనివ్వడు. అన్నీ తానే విప్పుతాడు. ఒకసారి భార్య నూకరత్నానికి నా కార్బురేటర్ నోరు చూపించి, "దీని ఊపిరంతా ఇక్కడే" అన్నాడు. ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. ప్రతి శుక్రవారం ఆయన స్నానానికి వెళ్ళగానే, సరిగ్గా ఆ నోటి అంచునే తడివేలితో కుంకుమ అద్ది దండం పెట్టేది.

ఆ అంచులో సూదిమొనంత రంధ్రం ఉంది. అది మూసుకుపోతే గాలి చాలక, పెట్రోలు ఎక్కువై, నల్లపొగ కక్కి ఆగిపోతాను. చెబుదామంటే నోరుంది గానీ మాట లేదు.

ఒకనాడు సింహాచలం కొండదారి మలుపులో ఇద్దరినీ ఎక్కించుకుని ఆగిపోయాను. వెనక్కి జారాను. నూకరత్నం చెయ్యి విరిగింది. ఆ రోజు నుంచి నన్ను చూస్తే నాకే భయం.

జోగారావు ప్లగ్గు మార్చాడు, కాయిల్ మార్చాడు. కార్బురేటర్ విప్పితే ఎర్రపొడి కనిపించింది. "ట్యాంకు తుప్పట్టీసింది" అని తేల్చేశాడు. ట్యాంకులో కిరోసిన్, గులకరాళ్ళు పోసి చేతులు పడిపోయేదాకా గిలకొట్టాడు. నాలుగు రోజులు బాగుండేదాన్ని. మళ్ళీ శుక్రవారం వచ్చేది, మళ్ళీ ఎర్రపొడి. మనుషులకు ఒక కారణం దొరికితే చాలు, రెండోది వెతకరు.

చివరికి విసిగిపోయాడు. "దీన్ని నమ్మి నిన్ను ఎనకాల ఎక్కించుకోనేను రత్నం. సెయ్యి ఇరిగింది సాల్దా?" అని, పాతబళ్ళను ముక్కలుగా విప్పి అమ్మే వ్యాపారికి కబురు పెట్టాడు. నూకరత్నం ఏడ్చింది. శుక్రవారాలు చాలవనుకుందేమో, రోజూ బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. నా పని గోరుచుట్టు మీద రోకటిపోటయింది.

ఆ వ్యాపారి వ్యాను వచ్చే ఉదయం జోగారావు నన్ను చివరిసారి తుడుద్దామని గుడ్డ పట్టుకొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. నూకరత్నం నా పక్కన చతికిలబడి, కట్టు విప్పిన చేత్తో కుంకుమ అద్దుతోంది. "ఎల్లిపోతన్నావేటమ్మా" అంటోంది. ఆయన చూపు ఆమె వేలి మీద నిలిచిపోయింది. నాకు ఒకటే భయం. నీ చెయ్యి నువ్వే విరగ్గొట్టుకున్నావని మొహం మీదే అనేస్తాడేమో!

"ఆళ్ళొచ్చీత్తారు, టీ ఎట్టు రత్నం," అన్నాడంతే.

ఆమె లోపలికి వెళ్ళగానే రంధ్రాన్ని పెట్రోలుతో కడిగి, సైకిలు పంపుతో ఊదాడు. కిక్కు కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. వీధి చివర వ్యాను హారన్ మోగింది. మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. పలికాను.

నూకరత్నం గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "సూసారా! నాను బొట్టెట్టాను, అది నెగిసింది! అమ్మోరు సూత్తా ఊరుకుంటాదేటి?"

జోగారావు వ్యానును చెయ్యి ఊపి పంపేశాడు. నిజం ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె ఏమైపోతుందో, చెప్పకపోతే నేనేమైపోతానో.

"అవునే," అన్నాడు. "గానీ బొట్టు నోటికెవులైనా ఎడతారా? మొకానికెట్టాల." ఆమె వేలు పట్టుకుని హెడ్‌లైటు అద్దం మీద పెట్టించాడు.

"మరి నన్ను ఎక్కించుకోరేటి?" అంది ఆమె.

ఆయన వంగి, వెనక ఫుట్‌రెస్టు దించాడు.