నాంచారమ్మ చేతి నీళ్ళు

నేను ఒక ఇత్తడి చెంబును. తన దగ్గర లేనిదాన్ని ఎవరైనా ఇంకొకరికి ఇవ్వగలరా అన్న సందేహం నన్ను చాలా ఏళ్ళు పట్టుకుని వదల్లేదు. చెంబుకు సందేహమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నిజానికి ఆ సందేహం నాది కాదు, నన్ను పట్టుకున్న చేతిది. ఒక చేతిలో ఎక్కువ కాలం మసలిన వస్తువుకు ఆ చేతి వణుకు అంటుకోకుండా ఉండదు.

గుంటూరు సీమలో ఒక కంచరి కొట్టంలో పుట్టాను. ఇత్తడి రేకును నిప్పుల్లో కాల్చి, సుత్తితో కొట్టి, రెండు సగాలుగా వంచి, నడుము దగ్గర అతికి, లోపల కళాయి పూశారు. అంతా అయ్యాక కంచరి ఆయన నన్ను చెవి దగ్గర పెట్టుకుని, వేలితో ఒక దెబ్బ వేసి, మోత విని, తృప్తిగా పక్కన పెట్టాడు. మనుషులు సాటి మనుషుల్ని కూడా ఇలాగే మోగించి చూసుకుంటారని నాకు తరవాత తెలిసింది.

నన్ను కొనుక్కున్నది కోటమ్మ అనే మంత్రసాని. ఇంట్లో వాడకానికి కాదు, కేవలం పురుళ్ళకు. ఎవరింట్లో నొప్పులు మొదలైనా ఆమె సంచిలో ముందు నేనుండాలి. చేతులు కడుక్కోవడానికి నేనే, తల్లి పెదవులు తడపడానికి నేనే, బిడ్డ ఒళ్ళు తుడవడానికి నేనే. కోటమ్మకు చూపు మందగించాక ఆ పనీ నేనూ కలిసి ఆమె కోడలు నాంచారమ్మకు సంక్రమించాం.

నాంచారమ్మకు మొగుడు తొందరగా పోయాడు. కడుపు పండలేదు. అయినా ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లోకి జారినవాళ్ళే. ఎంత మొండి రౌడీ అయినా ఆమె ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. తన మొదటి ఏడుపు విన్న మనిషి ముందు ఎవరు మాత్రం మీసం తిప్పగలరు?

మా ఊళ్ళో చర్చి వీధి అని ఒకటుంది. ఆ వీధిలో ఉన్నవాళ్ళంతా తాతల నాటి కథోలికులు. అక్కడి పురుళ్ళు కూడా నాంచారమ్మే పోసేది. ఒకనాడు చర్చి పక్కన ఆస్పత్రి నడిపే కన్యస్త్రీలలో మార్గరీతమ్మ అనే సిస్టరు ఆమెను పిలిపించింది. మా వాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన బిడ్డ బతకదనిపిస్తే, ఫాదరుగారు వచ్చేదాకా ఆగే వ్యవధి లేకపోతే, జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, నువ్వే ఇవ్వాలి అంది. నాంచారమ్మ బిత్తరపోయి, నేను మీ మతం దాన్ని కాదు గదమ్మా అంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా ఇవ్వవచ్చు, మా శ్రీసభ, అంటే మా చర్చి, ఏం చేస్తుందో అదే చేస్తున్నానని మనసులో అనుకుంటే చాలు అని సిస్టరు చెప్పింది. తల మీద మూడుసార్లు నీళ్ళు పోస్తూ, బిడ్డను పేరు పెట్టి పిలిచి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను అనాలి. అంతే.

నాంచారమ్మకు మాటలు నోటికి రావడానికి వారం పట్టింది. పెరట్లో ఒక సొరకాయను ఒళ్ళో పెట్టుకుని, నన్ను వంచి నీళ్ళు పోస్తూ వల్లె వేసేది. పక్కింట్లో ఉండే మరిది వీరాస్వామి గోడ మీదుగా చూసి, సొరకాయ కూడా కిరస్తానం పుచ్చుకుందా వదినా అని అడిగాడు. ఆ పూట ఆ సొరకాయనే కూర వండి అతనికి పెట్టింది.

నిజంగా ఆ పని పడినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. మొదటిసారి చర్చి వీధిలో కవలలు. ఇద్దరూ అరచేతిలో ఇమిడేంత ఉన్నారు. నాంచారమ్మ నన్ను వంచింది. ఆమె వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు ఆ నుదుళ్ళ మీద పడ్డాయి. అదే బావి నీళ్ళు, అదే చెంబు. కాని ఆమె ఆ మాటలు అంటుంటే గదిలో ఉన్న ఆడవాళ్ళంతా మోకాళ్ళ మీదికి దిగారు. దీపం కూడా కదలడం మానేసినట్టు అనిపించింది. అంతకు ముందు నాలో ఎన్ని బావుల నీళ్ళు నిండలేదు! అవి ఎప్పుడూ నీళ్ళలాగానే బయటికి పోయేవి. ఆ రోజు ఏం పోయిందో నాకు అర్థం కాలేదు. తెల్లారేసరికి పిల్లలిద్దరూ పోయారు. వాళ్ళ తల్లి ఏడుస్తూనే నాంచారమ్మ చేతులు కళ్ళకద్దుకుంది. దేవుడి బిడ్డల్ని చేసి పంపించావమ్మా, అది చాలు అంది.

ఆ తరవాత ఇంకా కొందరు బిడ్డలు. ఆ సమాధులు చర్చి వెనక, గోడ వారగా చిన్న చిన్న మట్టి దిబ్బలు. అటుగా వెళ్ళినప్పుడల్లా నాంచారమ్మ నిలబడి, ఒక్కొక్కరినీ తాను పెట్టిన పేరుతో మనసులో పిలుచుకుని వచ్చేది.

ఇన్నాసమ్మ ఇంట్లో జరిగింది వేరు. ఇన్నాసమ్మ చర్చి వీధికి పెద్ద దిక్కు. నోరు కూడా వీధికి సరిపడా ఉండేది. ఆమె కోడలికి కాన్పు కష్టమై, ఆడపిల్ల నీలంగా, ఉలుకూ పలుకూ లేకుండా పుట్టింది. కోడలు స్పృహలో లేదు. ఇన్నాసమ్మ జపమాల పట్టుకుని వాకిట్లో ఉంది. పేరు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నాంచారమ్మకు ఆ కంగారులో క్రైస్తవుల పేరు ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది తన కన్నతల్లి పేరు.

"తిరపతమ్మా" అని పిలిచి, నీళ్ళు పోసి, మాటలు చెప్పింది. మూడోసారి నీళ్ళు పడగానే పిల్ల ఊపిరి లాగి, కెవ్వున ఏడ్చింది.

పిల్ల బతికినందుకు ఇన్నాసమ్మ ఎంత సంతోషించిందో పేరు విని అంత మండిపడింది. నన్నూ, పిల్లనూ, నాంచారమ్మనూ వెంటబెట్టుకుని వాళ్ళు గుడి అనే ఆ చర్చి మెట్ల దగ్గరికి పోయి, అప్పటి ఫాదరుగారిని మళ్ళీ జ్ఞానస్నానం ఇమ్మని అడిగింది. ఒకసారి ఇచ్చింది మళ్ళీ ఇవ్వరమ్మా, మిగిలిన నూనె పూయడం, ప్రార్థనలు నేను పూర్తి చేస్తాను, పేరుకు ముందు మరియ అని చేరుద్దాం అని ఆయన సర్దిచెప్పాడు. ఇన్నాసమ్మ ఊరుకోలేదు.

"తనకే లేని జ్ఞానస్నానం మా పిల్లకెట్టా ఇచ్చింది ఫాదర్ ఇది?"

ఫాదరుగారు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోపే నాంచారమ్మ వెనక్కి తిరిగి నడిచింది. ఆమె చేతిలో నేనున్నాను కాబట్టి నాకూ ప్రశ్నే తెలుసు, జవాబు తెలియదు.

ఆ ప్రశ్న ఆమెలో ఇల్లు కట్టుకుంది. చర్చి వీధికి పిలిస్తే వెళ్ళేది, అవసరమైతే నీళ్ళూ పోసేది. కాని ఆ మాటలు చెప్పేటప్పుడు చెయ్యి వణికేది. నేను పోసింది ఉత్త నీళ్ళేనా? ఆ తల్లులందరూ నన్ను నమ్మి ఊరట పడ్డారే, వాళ్ళను మోసం చేశానా? గోడవార ఉన్న ఆ పసివాళ్ళు ఎక్కడున్నారు? ఎవరినైనా అడగవచ్చు. కాని అది నిజమైన జ్ఞానస్నానం కాదని జవాబు వస్తే ఆ దిబ్బల ముందు ఎలా నిలబడుతుంది? అందుకని అడగలేదు. మనుషులు నెత్తి మీద బరువును దించి చూడటానికి భయపడి, మెడ విరిగేదాకా మోస్తారు.

కాలం మారింది. పురుళ్ళన్నీ పెద్దాస్పత్రులకు పోయాయి. నేను అటకెక్కాను. తిరపతమ్మ పెరిగి, ఆ వీధిలోనే పెళ్ళాడి, ఆదివారాలు పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే మనిషైంది. వీధి మొత్తానికి ఆ పేరుతో ఆమె ఒక్కతే. తిరపతి కొండకు పోయే బస్సు ఏ వేళకు అని కుర్రకారు ఆమెను ఆటపట్టించేది. మా నాంచారత్త పెట్టిన పేరురా, నా ప్రాణంతో పాటు ఇచ్చింది అని ఆమె గర్వంగా జవాబిచ్చేది.

ఒక సాయంత్రం ఆమె నాంచారమ్మ ఇంటికి వచ్చి, పిల్లలకు పాఠం చెప్పాలి, నా జ్ఞానస్నానం ఎట్టా జరిగిందో చెప్పత్తా అని కూర్చుంది. నాంచారమ్మ చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

"నీకసలు అయిందో లేదో నాకే తెలవదమ్మా" అంది. ఆ మాట వెనకే ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా బయటపడింది.

తిరపతమ్మ అటక మీద నుంచి నన్ను దించి నాంచారమ్మ చేతికిచ్చి, ఆమె రెండో చెయ్యి పట్టుకుని, నేరుగా ఇప్పటి ఫాదరు మరియదాసు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అంతా విని, కాసేపు నా వైపు చూశాడు.

"నీళ్ళు నువ్వు చేసినవి కాదు, మాటలు నీవి కాదు. మరి నువ్వు ఇచ్చింది నీ సొంతమెట్టా అవుతుందమ్మా? ఇచ్చింది ఆయన. చెయ్యి నీదయింది, అంతే. ఆ పిల్లలందరిదీ నిజమైన జ్ఞానస్నానమే."

నాంచారమ్మ మెట్టు మీదే కూర్చుని భోరున ఏడ్చింది. ఆమె ఏడుపు విని వంటమనిషి బయటికి వచ్చి చూశాడు. నాకేమో సిగ్గేసింది. నేను పుట్టినప్పటి నుంచి చేస్తున్నది అదే గదా! ఒక్కసారైనా నా దాహం తీర్చుకోకుండానే ఎందరి దాహమో తీర్చాను. నా అనుభవం నాకే తట్టలేదు.

ఏడుపు తగ్గాక ఆమె అడిగిన మాట ఎవరూ ఊహించలేదు.

"అయితే నాకూ పోస్తారా ఫాదర్?"

ఆయన తొందరపడలేదు. ఏడాది పాటు నేర్చుకో, అప్పటికీ మనసు ఇలాగే ఉంటే చూద్దాం అన్నాడు. తిరపతమ్మ గురువైంది, నాంచారమ్మ శిష్యురాలు. మరియ తల్లిని వేడుకునే మంగళవార్త జపం తొందరగానే వచ్చింది గాని, తమ నమ్మకాలన్నీ వరసగా చెప్పే విశ్వాస సంగ్రహం నోరు తిరగక, దాన్ని జోలపాట బాణీలో పాడుకుంటూ నేర్చుకుంది. ప్రశ్నలకు లోటు లేదు. నేను నీళ్ళు అందుకునేలోపే పోయిన బిడ్డల సంగతేమిటని ఒకరోజు ఫాదరుగారినే నిలదీసింది. ఆయన, నాకు తెలియదమ్మా, దేవుని కరుణ మన చెంబు కన్నా పెద్దదని మాత్రం తెలుసు అన్నాడు. తెలియదన్నందుకే ఆయన మీద ఆమెకు గురి కుదిరింది. నాకూ కుదిరింది.

వీరాస్వామికి మాత్రం మింగుడు పడలేదు. రెండు నెలలు పలకరించడం మానేశాడు. ఆఖరికి ఉండబట్టలేక గోడ దగ్గరికి వచ్చాడు.

"ఈ వయసులో దేవుణ్ణి మార్చుకుంటావా వదినా? మనోళ్ళు నీకేం తక్కువ చేశారని?"

"ఎవరూ ఏం తక్కువ చెయ్యలేదు రా. ఇన్నేళ్ళూ ఆ ఇంటి పిల్లల్ని ఆ ఇంట్లోకి పంపించి, గుమ్మం బయటే నిలబడ్డా. లోపల్నించి నన్నూ పిలుస్తున్నట్టుంది. ఇనపడనట్టు ఎన్నాళ్ళుండను?"

అతను గోడ మీద గోటితో గీరుతూ నిలబడ్డాడు. నేను నిన్ను వదినా అనే పిలుస్తా, ఇంకో పేరుతో పిలవను అన్నాడు. పిలవమని ఎవరన్నారు అంది ఆమె.

పాస్క పండుగ, అంటే ఈస్టరు, ఉదయం మా చిన్న గుడి నిండిపోయింది. వీరాస్వామి కూడా వచ్చి తలుపు దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు పొయ్యడానికి గుడిలో వెండి పాత్ర ఉంది. నాంచారమ్మ మాత్రం నన్నే చింతపండుతో తోమి తెచ్చుకుంది. ఫాదరుగారు అడ్డు చెప్పలేదు. జ్ఞానస్నానానికి పూచీగా నిలిచే జ్ఞానతల్లిగా తిరపతమ్మ పక్కన నిలబడింది. ఈమె పేరేమిటని ఫాదరుగారు అడిగారు. నా పేరుకు ముందు మరియ తల్లి నిలబడిందిగా, ఈమె పేరుకు ముందూ ఆ తల్లే నిలబడుతుంది, మరియ నాంచారమ్మ అంది తిరపతమ్మ. గుడిలో చిన్న నవ్వు పాకింది. అంతలోనే సద్దుమణిగింది.

నాంచారమ్మ నీళ్ళు పట్టే పళ్ళెం మీదికి తల వంచింది. ఆ తల నేను ఎప్పుడూ పై నుంచి చూడలేదు. అన్నేళ్ళూ నేను ఆమె చేతిలో ఉండి ఇంకొకరి నుదురు చూశాను. ఇప్పుడు వేరే చేతిలో ఉండి ఆమె నెరిసిన పాపిట చూస్తున్నాను. పితయొక్కయు అన్నారు, నీళ్ళు పడ్డాయి. పుత్రునియొక్కయు అన్నారు, పడ్డాయి. ఆమె ఊపిరి బిగబట్టింది. పవిత్రాత్మయొక్కయు అన్నప్పుడు మూడోసారి నీళ్ళు జారాయి, ఆమె ఒక్కసారిగా ఊపిరి లాగింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎన్నో గదుల్లో, అందరూ నోళ్ళు మూసుకుని ఎదురుచూస్తుండగా, దాని కోసమే నేనూ ఎదురుచూశాను. నాలో ఉన్నవి గుడి ముందు బోరు నీళ్ళు, పొద్దున్నే తిరపతమ్మ కొట్టినవి. ఇది ఎలా జరుగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రం ఆ రోజుతో పోయింది. ఖాళీ అయి ఆమె పక్కన ఉండటమే నాకు పండుగలా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇన్నాసమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆ ఇంటి గడప ఆమె ఎప్పుడూ తొక్కలేదు. అరుగు మీద కూలబడి, ఆయాసం తీర్చుకుని, చంకలోంచి ఒక మూట తీసి నాంచారమ్మ ఒళ్ళో పెట్టింది. విప్పితే ఆకుపచ్చ నేతచీర. గుప్పున కలరా ఉండల వాసన వేసింది.

"తిరపతమ్మ పుట్టిన పురుటికి నీకు పెట్టాల్సిన చీర. పురుటి స్నానం నాటికే కొన్నా. పేరు మీద కోపంతో పెట్టెలో పడేశా. ఆ తర్వాత ఇద్దామంటే నా నోరే నాకడ్డమొచ్చింది."

నాంచారమ్మ చీర మడత విప్పింది. ఏళ్ళ తరబడి మడతల్లోనే ఉండి, మడత పడినచోటల్లా నేత విడిపోయింది.

"చినిగిన చీర పెడతావా మంత్రసానికి?" అంది.

"కుట్టిపెడతాలే. సూది తే."

నాంచారమ్మ సూదీ దారం తెచ్చింది. ఇన్నాసమ్మ కళ్ళకు సూది బెజ్జం ఆనలేదు. నాంచారమ్మ చేతికి దారం నిలవలేదు. ఇద్దరూ కాసేపు ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని, ఒకరినొకరు విసుక్కుని, చివరికి ఎలాగో దారం ఎక్కించారు. ఇన్నాసమ్మ కుడుతూ కూర్చుంది. కుట్లు వంకర పోయాయి. పొద్దెక్కాక నాంచారమ్మ లోపలికి వెళ్ళి ఆ చీర కట్టుకుని బయటికి వచ్చింది.

ఇన్నాసమ్మ కర్ర ఆనుకుని లేచి, కొంగు సర్ది, కుచ్చిళ్ళు వంగి చూసింది.

"పొడుగు సరిపోయింది" అంది.