పారేయక్కర్లేని సీసాలు

ఇంజెక్షను మందు నింపే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ నీలం అక్క అనేవారు. సీసాలు కారుతున్నాయో లేదో చూడటం ఆమె పని. ప్రతి బ్యాచి నుంచీ పది సీసాలు తీసి నీలిరంగు నీళ్ళలో ముంచి, తర్వాత తుడిచి, లోపలి మందులోకి రంగు దిగిందేమో దీపం ముందు పెట్టి చూసేది. చేతులకు తొడుగులున్నా తొమ్మిదేళ్ళలో గోళ్ళ చుట్టూ నీలం పట్టేసింది. ఆమె భర్త మూడో లైనులో సీసాలకు అల్యూమినియం మూతలు బిగించే మిషను నడిపేవాడు. ఆమె అక్క కాబట్టి అతను ఊరికే బావ అయిపోయాడు. రిటైరు కాబోతున్న వాచ్‌మన్ కూడా బావా అనే పిలిచేవాడు.

పాత పరీక్షతో ఎవరికీ పేచీ లేదు. నీళ్ళలో మునిగిన సీసా మంచిదైనా చెడ్డదైనా చెత్తలోకే పోయేది. ఎప్పుడైనా ఒకదానిలో రంగు కనిపిస్తే, "ముంచేటప్పుడు నువ్వే ఎక్కడో తగిలించి ఉంటావమ్మా" అనేవాడు మేనేజరు. మరో పది ముంచేవారు. అవి బాగుండేవి. బ్యాచి గేటు దాటేది.

అలాంటి చోటికి కొత్త మిషను వచ్చింది. సీసాను చిన్న అరలో పెట్టి మూస్తే చుట్టూ ఉన్న గాలినంతా లాగేస్తుంది. సీసాకు వెంట్రుకకన్నా సన్నని సందు ఉన్నా లోపలి గాలి బయటికొచ్చి అరలో ఒత్తిడి పెరుగుతుంది. పెరిగితే ఎర్ర దీపం, పెరక్కపోతే పచ్చ దీపం. సీసాకు మాత్రం ఏమీ కాదు.

"ఇకనుంచి ఒక్క సీసా కూడా పారేయక్కర్లేదు" అన్నాడు మేనేజరు, రిబ్బను కత్తిరిస్తూ. అందరూ చప్పట్లు కొట్టారు. చెడ్డ సీసాలు కూడా చెక్కుచెదరకుండా మిగిలిపోతాయన్న సంగతి ఆ పూట ఎవరికీ తట్టలేదు.

మొదటి వారం రెండు లైన్లకు అన్నీ పచ్చ దీపాలే. మూడో లైను నుంచి తెచ్చిన రెండు వందల సీసాల్లో పదిహేడింటికి ఎర్ర దీపం వెలిగింది. నీలం అక్క మళ్ళీ పెట్టి చూసింది. అవే పదిహేడు. ఒక్కోదానికీ నంబరు అంటించి, ట్రేలో వరసగా పెట్టి, రిపోర్టు రాసిచ్చింది.

మిషను అమ్మిన కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చాడు. కావాలని కన్నం పెట్టిన సీసా ఒకటి వెంట తెచ్చుకుని పరీక్షించి, మిషను బాగానే ఉందన్నాడు.

"మీ మిషను బాగుందని మీరే అంటే ఎలాగండీ" అని మేనేజరు అతన్ని పంపించేసి కమిటీ వేశాడు. మిషను మరీ సున్నితంగా ఉందనీ, కొత్తది కాబట్టి ఇక్కడి పద్ధతులకు అలవాటు పడాలనీ కమిటీ తేల్చింది. ఎర్ర దీపం వెలిగే హద్దును కాస్త పైకి జరపాలని తీర్మానం తయారైంది.

"కింద నీ సంతకం కూడా కావాలమ్మా" అన్నాడు మేనేజరు.

"హద్దు జరిపితే దీపం మారుతుంది గానీ సీసా మారదు కదండీ."

"నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు. వచ్చే వారం మీటింగులో పెడదాం."

ఇంట్లో బావ మాట మానేశాడు. కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ తిని లేచిపోయేవాడు. కారుతున్నవి అతని మిషను మీద బిగిసిన మూతలు మరి.

"నీళ్ళ సీసా మూత మావాడు బిగిస్తే నేనెప్పుడైనా తీయగలిగానా? వాడి చేతి పనికి వంకా?" అన్నారు అత్తగారు.

"నేను వంక పెట్టలేదత్తయ్యా. మిషను పెట్టింది."

"రాసేముందు నాతో ఒక్క మాట అనాల్సింది" అన్నాడు బావ, మూడు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పి.

"అంటే ఏం చేసేవారు?"

అతను మర్నాడు టీ సమయానికి ఆమె పరీక్ష గదికి వచ్చాడు. తొడుగులు వేసుకుని, ట్రేలోంచి ఒక సీసా తీసి, మూత మీద బొటనవేలు పెట్టి నెట్టాడు. కదలకూడని మూత తిరిగింది. ఇంకోటి తీశాడు. అదీ తిరిగింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బిగించే చక్రం అరిగింది. మార్చమని ఐదు నెలల కిందటే రాసిచ్చాను."

"ఆ కాగితం ఏమైంది?"

"సంతకాల్లో ఉంది. ఏడు అయ్యాయి, ఇంకా నాలుగు కావాలి."

"నాకెందుకు చెప్పలేదు?"

"పెళ్ళాం పరీక్ష చేసే చోట నా మిషను బాగోలేదని ఎలా చెప్పుకోను?"

మీటింగు మొదలయ్యాక బావ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళాడు. వెనకే నీలం అక్క వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. అతను కమిటీ సభ్యులందరి ముందూ తలా ఒక సీసా పెట్టాడు.

"మూత తిప్పి చూడండి సార్."

స్టోర్సు ఆఫీసరు తిప్పాడు. తిరిగింది. కొనుగోళ్ళ ఆఫీసరుకు సరదా పుట్టి ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. మేనేజరు మాత్రం రెండు వేళ్ళ కొసలతో ముట్టుకుని, "నాది తిరగట్లేదే" అన్నాడు.

"బొటనవేలు పెట్టండి సార్."

తిరిగింది. ఆయన సీసాను బల్ల మీద పెట్టేశాడు.

"అసలివి ఇంకా ఎందుకున్నాయి?"

"పారేయక్కర్లేదని మీరే అన్నారు కదండీ" అంది నీలం అక్క.

మిగిలిన నాలుగు సంతకాలూ అరగంటలో పడ్డాయి. సాయంత్రానికి కొత్త చక్రం బిగించారు. ఆ బ్యాచి ఆపి ప్రతి సీసానూ పరీక్షించారు. యాజమాన్యం ముందుచూపు వల్ల లోపం బయటపడిందని రిపోర్టు వెళ్ళింది. హెడ్డాఫీసు నుంచి కమిటీకి షీల్డు వచ్చింది. వాళ్ళంతా మిషను ముందు నిలబడితే ఫోటో తీసింది నీలం అక్క. అనుమతి లేకుండా పరీక్ష గదిలోంచి సీసాలు తరలించినందుకు బావకు మెమో వచ్చింది.

ఆదివారం ఇద్దరూ కూర్చుని సంజాయిషీ రాశారు. అతను "క్షమించగలరు" అని రాస్తే ఆమె కొట్టేసింది. అతను మళ్ళీ రాశాడు. ఆమె పెన్ను లాక్కుంది. పక్కనే కూర్చుని వింటున్న అత్తగారు, "అయితే ఈ ఐదు నెలలూ బయటికి పోయిన మందు సంగతేంట్రా?" అన్నారు.

ఆ ప్రశ్న ఏ కమిటీకీ రాలేదు. ప్రతి బ్యాచి నుంచీ దాచి ఉంచే నమూనాలు స్టోర్సులో ఉన్నాయి. నీలం అక్క ఇంకో కాగితం తీసుకుని, వాటన్నిటినీ కొత్త మిషను మీద పరీక్షిస్తానని రాసింది. సోమవారం దాన్ని మేనేజరుకి కాకుండా నేరుగా హెడ్డాఫీసుకే పంపింది.

ఆ నమూనాల్లో ఎర్ర దీపం వెలిగిన రెండు బ్యాచిలు నెల తిరక్కముందే ఆసుపత్రుల నుంచి వెనక్కి వచ్చాయి. లారీ దిగిన పెట్టెల్ని బావ ఒక్కొక్కటే లెక్క చూసి లోపల పెట్టించాడు. ఆ సాయంత్రం భార్యాభర్తలు బస్సు కోసం ఆగకుండా నడిచే ఇంటికి వెళ్ళారు. దారంతా అతనే మాట్లాడాడు.