తెలుసన్నవాళ్ల తుంపర్లు

నేను ఒక మైకును. ఢిల్లీలో ఒక ఇరుకు సందులో, పాన్ నములుతూ ఎవడో నా వైర్లు అతికించాడు. పుట్టీపుట్టగానే నా మొహాన పడింది వాడి ఉమ్మే. అప్పట్నుంచీ ఈ మనుషుల తుంపర్లు నాకు తప్పలేదు.

భీమవరంలో సౌండ్ సెట్ నడిపే కొండలరావు నన్ను కొని, పెళ్లిళ్లకీ ఎన్నికల సభలకీ అద్దెకు తిప్పాడు. "ఈ ఊరికేం కావాలో నాకు తెలుసు!" అని గొంతు చించుకున్న నాయకుడికి, ఆ ఊరి పేరేంటో పక్కవాడు చెవిలో చెప్పాల్సొచ్చేది. నాకు నవ్వాగేది కాదు. నేను నవ్వితే కీచుమంటుంది, కొండలరావు నా నెత్తిమీద ఒక్కటిచ్చేవాడు.

తర్వాత నన్ను ఓబద్యా పాస్టరుగారికి అమ్మేశాడు. ప్రార్థన మందిరంలోనైనా కాస్త నిజం వినొచ్చని సంబరపడ్డాను. నా బొంద!

అక్కడ ప్రతి ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ప్రభువు తమకు చేసిన మేలు ఒక్కొక్కళ్లూ లేచి నా దగ్గర చెప్పుకుంటారు. ఒకాయన తను ఎక్కాల్సిన బస్సు తప్పిపోయిందనీ, అది బోల్తా పడిందనీ, దేవుడు తనని కాపాడాడనీ చెప్పాడు. మరి ఆ బస్సులో ఉన్నవాళ్ల సంగతేంటయ్యా అని ఒక్కడైనా అడిగాడా? అబ్బే. ఆమేన్ అని చప్పట్లు కొట్టారు. తెలివిని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రమ్మని వీళ్లకి ఏ దేవుడు చెప్పాడో!

చేపల చెరువుల మీద పనిచేసే ఆనందరావుకి షుగరు. పాస్టరుగారు అతని తలమీద చెయ్యి పెట్టి, "నీ రోగం పోయింది, ప్రభువు నాకు చూపించాడు" అన్నారు. ఆ అమాయకుడు నన్ను పట్టుకుని, "నేను బాగైపోయానని నాకు తెలుసు, మాత్రలు కాలవలో పారేశాను" అన్నాడు. మందిరం హోరెత్తిపోయింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న అతని భార్య సలోమి మాత్రం తలెత్తలేదు. ఆ వానాకాలం దాటకుండానే అతని కాలు కుళ్లింది. మనిషి పోయాడు.

సమాధి చేసిన తర్వాతి ఆదివారం, పాస్టరుగారు నన్ను చేత్తో పట్టుకునే ఉండి, సలోమిని పక్కకి పిలిచారు. "చివర్లో ఆనందరావుకి విశ్వాసం సన్నగిల్లిందని సాక్ష్యం చెప్పమ్మా. లేకపోతే సంఘం తడబడుద్ది." తడబడేది సంఘమా, ఈయనగారి పేరా? ఎంత సిగ్గులేని మనిషి! కానీ ఆమెకి వెనకాముందూ ఎవరూ లేరు. ఈ సంఘం వెలేస్తే పలకరించే దిక్కుండదు. చెప్పేస్తుందిలే, అందరూ ఆ తాను ముక్కలేగా అనుకున్నాను.

సలోమి ముసుగు సర్దుకుని నన్ను రెండు చేతులతో పట్టుకుంది.

"అయ్యగారికి వందనాలు, సంఘానికి వందనాలు. మా ఆయనకి విశ్వాసం తగ్గలేదండి. కాలికి పురుగులు పడుతున్నా బాగైపోయాననే అన్నాడు. నమ్మే చచ్చిపోయాడు."

పాస్టరుగారు గబుక్కున వచ్చి నా వైరు పీకేసి, నన్ను ఆమె చేతుల్లోంచి లాక్కున్నారు. ఆమె ఆగలేదు.

"ప్రభువు చూపించాడన్నారు. ఏం చూపించాడు అయ్యగారూ? మీకు తెలీదు. మా ఆయన్ని ఎందుకు బాగుచెయ్యలేదో నాకూ తెలీదు. దేవుడి ముందు తెలీదనడం పాపమా? ఇన్నాళ్లూ తెలుసనుకుని ప్రార్థన చేశాను. ఇవాళ తెలీకుండానే చేస్తాను."

అక్కడికక్కడే మోకాళ్లూనింది. ఆమె వెనక చాప మీద ఒకావిడ మోకరించింది, ఆ పక్కన ఇంకొకావిడ. మగవాళ్ల వైపు కూడా కదలిక మొదలైంది. ఎవరూ ఆమేన్ అనలేదు. ఏడుపులు మాత్రం వినిపించాయి.

ఓబద్యాగారు నన్ను నోటిదగ్గర పెట్టుకుని గట్టిగా ఏదో అందుకున్నారు. వైరు పీకింది తనేనన్న సంగతి కూడా గుర్తులేదు పాపం. ఒక్క తలా ఇటు తిరగలేదు.