వెనక మూతకు కట్టిన కంకణం

నేను ఒక వెల్డింగ్ జనరేటర్‌ని. కరెంటు లేని చోట ఇనుమును ఇనుముతో అతకడం నా పని. ముందు డీజిల్ ఇంజిను, వెనక డైనమో, కింద రెండు చక్రాలు. పక్కన, ఇంటి గోడకు ఉండేలాంటి ప్లగ్గు కూడా ఒకటి ఉంది. లైటు వెలిగించుకోవడానికో, ఫోను చార్జింగు పెట్టుకోవడానికో దాన్ని అమర్చారు. ఆ ప్లగ్గు లేకపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

నన్ను కోయంబత్తూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో బిగించారు. మొదట పైపులైను వేసే కాంట్రాక్టరు దగ్గర, తర్వాత రాళ్ల క్రషర్లో చాకిరీ చేశాను. ఇద్దరూ నన్ను రాత్రింబవళ్లు వాడుకున్నారు గానీ ఒక్కసారి తుడవడానికి మాత్రం తీరిక దొరకలేదు. మనుషులకు యంత్రం గుర్తొచ్చేది అది మొరాయించిన రోజునే. క్రషర్ మూతపడ్డాక వేలంలో నన్ను పైడిరాజు కొన్నాడు. విజయనగరం జిల్లాలో నీలాటిగెడ్డ జలాశయానికి దగ్గరలో అతనికి చిన్న వెల్డింగు షాపు ఉంది.

పైడిరాజు వేరే రకం మనిషి. పొద్దున్నే నన్ను తాకి కళ్లకద్దుకునేవాడు, సాయంత్రం మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. నాకు గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

నా వెనక మూత తీస్తే రెండు రాగి రింగులు కనిపిస్తాయి. ఇంజినుతో పాటు అవీ గిర్రున తిరుగుతాయి. వేలెడంత కూడా లేని రెండు బొగ్గు ముక్కలు గూళ్లలో కూర్చుని వాటిని తాకుతుంటాయి. బ్రష్‌లంటారు వాటిని. అవి తాకితేనే నాలో కరెంటు. తాకకపోతే ఇంజిను ఎంత అరిచినా ఉత్త చప్పుడే.

ఏటా దసరాకి పైడిరాజు నాకు పైనే బొట్టు పెట్టేవాడు. ఆ ఏడు అతని భక్తికి అది చాలలేదు. వెనక మూత విప్పాడు.

"అసలు అమ్మోరు లోపలే ఉంది గదేటి" అని భార్యతో అన్నాడు. రాలిపోకుండా ఉండాలని పసుపును గంజిలో కలిపి రింగులకు పూశాడు, బ్రష్‌ల గూళ్లకు దట్టంగా మెత్తాడు, మీద కుంకుమ అద్దాడు. మూత బిగించి బోల్టులకు అడ్డంగా కంకణం కట్టాడు. దానంతటది రాలేదాకా కంకణం తెంపకూడదని అతని నియమం. నాలో గంజి ఎండి రాయి అవుతుంటే అతను నాకు హారతి ఇస్తున్నాడు.

పది రోజులు నన్ను ఎవరూ స్టార్ట్ చేయలేదు, అంతలో తుఫాను పట్టింది. రెండు రోజులు కరెంటు లేదు. జలాశయానికి ఉన్నవి రెండే గేట్లు. ఒకటి కాస్త లేచి బిగుసుకుపోయింది. రెండోదాన్ని ఎత్తబోతే, గొలుసు తగిలించే ఇనుప చెవి ఊడి నీళ్లలో పడింది. కొత్త చెవి అతికితే క్రేనుతో లాగొచ్చు. జలాశయం చూసుకునే ఇంజినీరు, ఏఈ మాధవి మేడమ్ పైడిరాజుకి కబురు పెట్టింది. ట్రాక్టరు వెనక కట్టి పొద్దున పదింటికి నన్ను గట్టు మీదికి తెచ్చారు.

"ఇప్పుడే మొదలుపెడితే గేటు అడుగడుగుగా ఎత్తుకోవచ్చు" అంది మేడమ్. "కింద వాగుకు అడ్డంగా ఉన్న చప్టా దాటేవాళ్లకు తప్పుకునే వ్యవధి ఉంటుంది. ఆలస్యమైతే ఒక్కసారిగా లాగెయ్యాలి."

గేట్లు ఎత్తడం, దించడం చూసుకునే లస్కరు తవిటినాయుడు అక్కడే ఉన్నాడు. పైడిరాజుకి చిన్నప్పటి నుంచి నేస్తం. ఒకరినొకరు బావా అనుకుంటారు. వస్తూనే తన ఫోను నా ప్లగ్గుకు తగిలించాడు.

"రెండ్రోజులైపోనాది బావా, సచ్చిపోయి ఉంది. కాసింత చార్జింగు ఎక్కనీ."

"ఎట్టెయ్యి బావా. ఇప్పుడే స్టార్ట్ సేత్తన్నాను."

ఇంజిను మొదటి తిప్పుకే అందుకుంది. పైడిరాజు వెల్డింగు రాడ్డును ఇనుముకు ఆనించాడు. నిప్పురవ్వ లేదు. బల్బు తగిలించి చూశాడు. వెలగలేదు. ఫోనూ చీకటిగానే ఉంది.

బ్రేకరు పడిపోయిందేమోనని పైకెత్తాడు. కేబుళ్లు వేలితో తడుముతూ చివరిదాకా చూశాడు. ఎర్తు క్లాంపు గీకి మళ్లీ బిగించాడు. స్పీడు పెంచాడు. ఊరికే పడున్న డైనమో తన అయస్కాంతం మరిచిపోతుందని, క్రేను బ్యాటరీ తెప్పించి బయటి తీగలకు దాని కరెంటు రెండుసార్లు తాకించాడు. తెలివైన పనివాడు, ఒక్కటీ తప్పు చేయలేదు. అయితే అన్నీ బయటి నుంచే చేశాడు. అతని చేయి రెండుసార్లు వెనక మూత దాకా వచ్చింది. రెండుసార్లూ కంకణం చూసి వెనక్కి పోయింది. అక్కడే చూడరా నాయనా అని చెప్పడానికి నాకు నోరేది? పొగ కక్కుతూ ఊగడం తప్ప ఏం చేయగలను?

పన్నెండైంది. గట్టు లోపలి వైపు మట్టి కొంచెం జారింది. కింద చప్టా మీద మోకాలిలోతు నీళ్లలో ట్రాక్టర్లు దాటుతూనే ఉన్నాయి.

"జనం ఇనుకోవట్లేదు మేడమ్. నానెల్లి ఆపుతాను" అన్నాడు తవిటినాయుడు.

"వెళ్లు. గేటు ఎత్తే ముందు ఫోన్ చేస్తాను, వెంటనే పైకి వచ్చెయ్."

ఫోను చచ్చిపోయిందని పై ఆఫీసరుకు చెప్పడానికి అతనికి మొహమాటం అడ్డొచ్చింది. "అలాగే మేడమ్" అన్నాడు. నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "చార్జింగు ఎక్కగానే ఎవుర్చేతైనా అంపు బావా."

"అంపుతాన్లే, నువ్వెల్లు."

అతని బండి గట్టు దిగిపోయింది.

కాసేపటికి గట్టు మీద బీట కనిపించింది. అప్పుడు పైడిరాజు కంకణం తెంపి, కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. మూత విప్పాడు. బ్రష్‌లు రెండూ ఎండిన పసుపులో ఇరుక్కుని రింగులకు వెంట్రుకవాసి ఎడంగా నిలబడి ఉన్నాయి. పైడిరాజు చుట్టూ చూశాడు. ఎవరూ ఇటు చూడటం లేదు. స్క్రూడ్రైవరుతో గబగబా గీకి, తువ్వాలుతో తుడిచి, పసుపైన ఆ తువ్వాలును చొక్కా లోపల దోపుకున్నాడు.

"ఏం దొరికింది?" అని అరిచింది మేడమ్.

"బ్రష్షు అరిగిపోనాది మేడమ్. పాత మిషను గదా."

నాలో కరెంటు పుట్టింది. ఫోను వెలిగింది. పైడిరాజు దాన్ని ఆన్ చేసి, పంపడానికి మనిషి కోసం చూస్తుండగానే మేడమ్ గేటు దగ్గరి నుంచి కేక వేసింది. పరుగెత్తాడు. ఫోను నాకే వేలాడుతూ ఉండిపోయింది.

ఆ రోజు నేనిచ్చినంత నిలకడైన మంట ఎన్నడూ ఇవ్వలేదు. అరగంటలో చెవి అతుక్కుంది. క్రేను గొలుసు బిగిసింది. మేడమ్ ఫోను చెవికి పెట్టుకుంది. నా పక్కన ఫోను మోగింది. నా ఇంజిను రొదలో అది ఎవరికి వినిపిస్తుంది?

"రింగవుతోంది, ఎత్తడం లేదు" అంది మేడమ్. "బండి మీద వచ్చేస్తున్నట్టున్నాడు." ఇంతలో గట్టు మరో బారెడు జారింది. ఆమె ఇక ఆగలేకపోయింది. చేయి పైకెత్తింది. గేటు ఒక్కసారిగా లేచింది.

గట్టు నిలిచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేడమ్ మళ్లీ ఫోను చేస్తూ నడుస్తోంది. పైడిరాజు వచ్చి ఇంజిను ఆపాడు. చప్పుడు అణిగాక నా పక్కన ఫోను మోగుతూ ఉండటం అందరికీ వినిపించింది.

తవిటినాయుడు కూలీల ట్రాక్టరును చప్టా దాటించి, దాని వెనకే తనూ వస్తున్నాడట. రెండో రోజు దిగువన తుమ్మచెట్లలో దొరికాడు.

పెద్దకర్మ అయ్యాక అతని భార్య గున్నమ్మ ఫోను కోసం షాపుకి వచ్చింది.

"ఆ రోజు మిషనుకేటయినాదన్నా?"

పైడిరాజు నేల చూపులు చూశాడు. "పాత మిషనమ్మా. దాన్ని నమ్మడానికి నేదు."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. నాకు నోరుంటే ఏం చెప్పేవాణ్ణో తెలియదు. పసుపు గురించి చెబితే ఆమెకు మొగుడు తిరిగొస్తాడా? అయినా ఆ నింద నాది కాదు. మోస్తున్నాను.

మళ్లీ దసరా వచ్చింది. పైడిరాజు పసుపు పళ్లెం పట్టుకుని నా ముందుకు వచ్చి, బొట్టు పెట్టకుండానే దాన్ని పక్కన ఉంచేశాడు. నన్ను స్టార్ట్ చేశాడు. నా కరెంటుతోనే నా వెనక మూతను చుట్టూ వెల్డింగు చేసేశాడు. ఇక దాన్ని ఎవరూ తీయలేరు. అతనూ తీయనక్కర్లేదు.

బ్రష్‌లు అరుగుతాయి. వాటిని మార్చాలంటే మూత తీయాలి. ఎడమ బ్రష్ ఇప్పటికే గోరంత మిగిలింది, నాకు తెలుస్తూనే ఉంది.

నిన్నటి నుంచి మళ్లీ ముసురు, కరెంటు లేదు. ఈ పొద్దున నన్ను గట్టు మీదికి తీసుకొచ్చారు. కొత్త లస్కరు నవ్వుతూ వచ్చి తన ఫోను నా ప్లగ్గుకు తగిలించాడు. పైడిరాజు అది చూసి, ఇంజిను తిప్పడానికి వంగాడు.