మధ్యలో ఆపేసిన పాట

నేను ఒక మైకును. ముఖానికి ఇనుప జాలీ, మెడకు వెండిరంగు పూత. పూత ఇప్పుడు చాలామటుకు పోయింది. ఊరందరి మాటలూ మోసే పుట్టుక నాది, నా మాట మోసేవాడు మాత్రం లేడు. ఆ కడుపుమంటతోనే చెబుతున్నాను, వినండి. ఓపిక లేకపోతే ఇక్కడే ఆపేయండి. నాకది అలవాటే.

బొంబాయిలో ఒక చిన్న కార్ఖానాలో తయారయ్యాను. సికింద్రాబాదు దుకాణంలో ఆరునెలలు అద్దాల వెనక నిలబడ్డాక, లాలాగూడ రైల్వే క్వార్టర్ల కుర్రాళ్లు నలుగురు నన్ను కొనుక్కున్నారు. వాళ్లది బీట్ గ్రూపు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, బిగుతు ప్యాంట్లు, చెవులు కప్పే జుట్టు. పేరు బ్లూ లాంతర్స్. పాడేవాడు జయానంద్, ఫిట్టర్ గారబ్బాయి. డ్రమ్స్ వాయించేవాడు యాదగిరి. అందరూ ఇంగ్లీషు పాటలే పాడే రోజుల్లో వీళ్లిద్దరూ కూర్చుని తెలుగులో ఒక పాట కట్టారు. "గేటు పడ్డది పిల్లా, బండి రానే లేదు" అని.

జయానంద్ గొంతు గురించి నేను చెబితే సొంత డబ్బా అనుకుంటారు. కానీ ఆ గొంతు నాలోంచే వెళ్లింది, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? లోపమల్లా ఒక్కటే. స్టేజి మీదికి వచ్చేముందు తెర వెనక తల దువ్వుకునేవాడు. పాపిడి కుదిరేదాకా ప్రపంచం ఆగాల్సిందే.

ఆ పాటను ఒకే ఒక్కసారి, డెబ్బై ఒకటిలో, ఒక డాన్సు హాల్లో స్పూల్ టేపు మీద పట్టారు. ఆరోజు కూడా అయ్యగారు దువ్వెనతోనే ఉన్నారు. టేపు తిరుగుతోంది, మనిషి రాడు. పాపం యాదగిరి ఏం చేస్తాడు? నోటికొచ్చిన దరువల్లా వాయిస్తూ నలభై సెకన్లు నెట్టుకొచ్చాడు. తర్వాత జయానంద్ వచ్చి నన్ను పట్టుకుని పాడాడు. అంత బాగా మళ్లీ ఎప్పుడూ పాడలేదు. ఆ టేపు యాదగిరి దగ్గరే ఉండిపోయింది, జయానంద్ దాన్ని ఒక్కసారీ వినలేదు.

గ్రూపులు ఎక్కువకాలం బతకవు. ఒకడు రైల్వేలో చేరాడు, ఒకడు పెళ్లి చేసుకున్నాడు. యాదగిరి పెళ్లి బ్యాండుకు డోలు కట్టాడు. జయానంద్ ఒక క్యాసెట్ల కంపెనీలో గుమాస్తాగా దూరి, పదిహేనేళ్లలో మేనేజరయ్యాడు. ఏ పాట మార్కెట్లోకి వెళ్లాలో చెప్పేది ఆయనే. లాలాగూడ యాస వదిలేశాడు, జుట్టు ఆయన్ను వదిలేసింది. నన్ను మాత్రం వదల్లేదు. వైరు కత్తిరించి టేబుల్ మీద పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లకు "నేనూ ఒకప్పుడు సింగర్నే" అని చూపించడానికన్నమాట.

ఆయనకొక నియమం ఉండేది. ఎవరి క్యాసెట్టయినా ముప్పై సెకన్లే వినేవాడు. నచ్చకపోతే ఆపేసి, పెన్నుతో నా నెత్తిన టక్కుమని కొట్టి "వద్దు" అనేవాడు. రోజుకు ఇరవై మొట్టికాయలు. వాళ్లేం తప్పు చేశారో నాకు తెలియదు, నేనేం తప్పు చేశానో అసలే తెలియదు.

ఒక మధ్యాహ్నం యాదగిరి వచ్చాడు. పాత స్పూలు పాడైపోతోందని దాన్ని ఒక క్యాసెట్లోకి ఎక్కించి తెచ్చాడు.

"అన్నా, మొత్తం విను. ఎవలు పాడిన్రో నువ్వే చెప్తవు. బయటికి తేవాలె దీన్ని" అన్నాడు.

జయానంద్ మీట నొక్కి గడియారం చూశాడు. దరువు మొదలైంది. పది, ఇరవై. నా ప్రాణం గిలగిల్లాడింది. ఇంకాస్త ఆగవయ్యా మహానుభావా, వచ్చేది నువ్వే! ముప్పై. టప్పున ఆపేశాడు. నా నెత్తిన టక్.

"ఇదేం దరువు యాదగిరీ? పాట ఎప్పుడు మొదలవుతుంది? అంతసేపు ఎవరాగుతారు?"

"నువ్వు ఆగుతవనుకున్న" అన్నాడు యాదగిరి. క్యాసెట్టు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వైరుంటే ఆరోజు అరిచి చెప్పేవాణ్ని.

సీడీలొచ్చాక కంపెనీ మూతపడింది. అట్టపెట్టెలో సామాను సర్దుకుంటూ జయానంద్ నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, నేరుగా బోయిన్‌పల్లిలో యాదగిరి బ్యాండు షాపుకు పట్టుకెళ్లాడు.

"నీ దగ్గరుంటే పనికొస్తుంది" అన్నాడు.

యాదగిరి నన్ను పక్కన పెట్టాడు. టేప్‌రికార్డర్‌లో ఆ క్యాసెట్టే పెట్టాడు. ముప్పై సెకన్లు కాగానే జయానంద్ చెయ్యి అలవాటుగా మీట మీదికి వెళ్లింది. యాదగిరి ఆ చేతి మణికట్టు పట్టుకుని ఆపాడు. నలభయ్యో సెకనుకు ఇరవయ్యేళ్ల జయానంద్ గొంతు లేచింది. గేటు పడ్డది పిల్లా.

జయానంద్ బల్ల మీద కూలబడ్డాడు. పాట అయిపోయేదాకా తలెత్తలేదు.

"ముందు అంతసేపు ఎందుకు వాయించినవ్?" అన్నాడు చివరికి. యాస తిరిగొచ్చింది.

"నువ్వు తల దువ్వుకుంటున్నవ్ అన్నా. నువ్వొచ్చేదాక ఆగిన."

జయానంద్ బట్టతల మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుని నన్ను అందుకున్నాడు. "వైరు పెట్టు యాదగిరీ, ఒక్కసారి పాడత" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఈ మాట కోసమే ఎదురుచూశాను. యాదగిరి వైరు అతికించాడు, స్పీకరు పెట్టాడు. జయానంద్ నోరు దగ్గర పెట్టి "హలో" అన్నాడు. ఏమీ రాలేదు. మళ్లీ అన్నాడు. యాదగిరి జాలీ విప్పి లోపలికి చూశాడు.

"లోపల గొంతు పట్టే రేకు చినిగింది. దీన్ని ఎవలో మస్తు కొట్టిన్రన్నా" అన్నాడు.

జయానంద్ తన జేబులోని పెన్ను వైపు చూసుకున్నాడు.